మర్ఫా (హైదరాబాదు వీధి నృత్యము)

మర్ఫా హైదరాబాదు నగరములో పెళ్ళి ఊరేగింపులందు, పండుగలందు వినిపించే ఒక తాళవాద్య సంగీతము. ఆ వాద్యముతో కలిసి సాగే వీధి నృత్యమునకు కూడా ఇదే పేరు. ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలు (వీరినే హబ్షీలని కూడా అంటారు), యెమెన్ దేశములోని హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చిన అరబ్బులు (చావుష్‌లు) దీనిని నగరమునకు తెచ్చి ఇక్కడ నిలిపారు. ఇందులో సాహిత్యము లేదు. మొత్తము కథ దరువులోనే ఉంటుంది. "తీన్‌మార్" అని నేడు నగరమంతా పిలుచుకొనే దరువు మర్ఫా దరువులలో మిక్కిలి ప్రసిద్ధమైనది.

బానిసలుగా, సైనికులుగా, సేవకులుగా ఆఫ్రికా దాటి వెళ్ళినవారి సంతతి అనేక దేశాలలో వీధి నృత్యమును ఒక విధమైన ప్రతిఘటనగా మలచుకొన్నదని చరిత్రకారులు చెప్తారు. హైదరాబాదు మర్ఫాను ఆ దృష్టితో చూచినవారు తక్కువ. మర్ఫా ఎవరిమీదా తిరుగుబాటు చేయలేదు. పైగా చాలాకాలము ప్రభువుల ఎదుట, ప్రభువుల ఉత్సవములలో వాయించబడింది. అయితే 1948 తరువాత సైనికోద్యోగము పోయి, రాజాశ్రయము పోయి, భాష ఎప్పుడో మారిపోయిన ఒక చిన్న సమాజము తన ఉనికిని చాటుకొనుటకు మిగిలిన కొద్ది ఆధారములలో ఈ సంబరము ఒకటి. ఆ అర్థములో మర్ఫాను ప్రతిఘటన అనుట సబబే.

పేరు, వాద్యములు

మర్ఫా అనునది మొదట వాద్యము పేరు. యెమెన్‌లో ఇదే పేరుగల చిన్న నగారాను "తాసా" అను మరొక నగారాతో జతచేసి, "బరా" అను కత్తుల నృత్యమునకు వాయిస్తారు. హైదరాబాదు మర్ఫా కూడా లోహపు గిన్నెపై చర్మము బిగించిన చిన్న నగారా వంటిదే. దీనిని పుల్లలతో కొడతారు. దీనికి తోడుగా డఫ్ (గుండ్రని చట్రమునకు ఒకవైపు చర్మము బిగించిన వాద్యము), డోలు, ఒక్కొక్కసారి స్టీలు బిందె కూడా వాడతారు. చెక్క పట్టీని "థాపీ" అంటారు. బృందములో ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క పట్టుకొని వాయిస్తుండగా, అన్నీ కలిసి ఒకే దరువుగా వినిపిస్తాయి. సన్నాయి గాని, హార్మోనియము గాని, గాయకుడు గాని దీనికి అక్కరలేదు.

ఉర్దూలో "తీన్" అనగా మూడు, "మార్" అనగా దెబ్బ. మూడు దెబ్బలు వరుసగా పడి, క్షణకాలము ఆగి, మరల మొదలగుట ఈ దరువు లక్షణము. ఆ ఆగుటలోనే దీని రహస్యమంతా ఉన్నది. చెవి నాలుగవ దెబ్బకోసము ఎదురుచూస్తుంది, అది పడదు, ఆ ఖాళీని కాలు పూరిస్తుంది. అందుచేత నృత్యము నేర్వనివారు కూడా తీన్‌మార్ వినగానే అడుగు వేయగలరు. శాస్త్రీయ నృత్యమునకు సంవత్సరాల శిక్షణ కావలెను. వీధి నృత్యమునకు మాత్రము గుంపులో జొరబడుటయే శిక్షణ.

సంప్రదాయ పద్ధతిలో పురుషులు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలిచి కత్తులు గాని, కర్రలు గాని, అరబ్బుల వంపు బాకు (జంబియా) గాని పట్టుకొని అడుగులు వేస్తారు. ఇది యుద్ధమునకు పోవువారి నృత్యము, లేదా యుద్ధమునుండి క్షేమముగా తిరిగి వచ్చినవారి నృత్యము. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు స్నేహితులు చేసేది దాని వినోద రూపము.

హబ్షీలు దక్కనుకు వచ్చిన విధము

"హబ్షీ" అను మాట అబిసీనియా (నేటి ఇథియోపియా) దేశమునకు అరబ్బులు పెట్టిన "హబష్" అను పేరునుండి వచ్చినది. కాలక్రమేణ తూర్పు ఆఫ్రికాలో ఏ ప్రాంతమునుండి వచ్చినవారికైనను ఈ పేరే వాడబడింది. బహమనీ సుల్తానుల కాలమునకే దక్కనులో హబ్షీ సైనికులు, సర్దారులు ఉన్నారు. వీరిలో అందరికంటె ప్రసిద్ధుడు మాలిక్ అంబర్ (1548-1626). ఇథియోపియాలో పుట్టి, బానిసగా పలుమార్లు అమ్ముడుపోయి, చివరకు అహ్మద్‌నగర్ రాజ్యమునకు ప్రధానియై మొగలు సైన్యములను చాలాకాలము అడ్డుకొన్నాడు. అతడు 1610 ప్రాంతమున కట్టించిన ఖిడ్కీ పట్టణమే తరువాత ఔరంగాబాదు అయింది. అసఫ్ జాహీ నిజాముల తొలి రాజధాని అదియే. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ సమీపమున ఉన్న సిద్దీఅంబర్ బజారు పేరులో కూడా ఒక సిద్దీ కనిపిస్తాడు.

నిజాముల కాలమున వచ్చిన ఆఫ్రికన్లలో అనేకులు అరబ్బు సర్దారులతో, వారి సేవకులుగా వచ్చారు. హద్రమౌత్ అరబ్బులకు హైదరాబాదు సైన్యములో గొప్ప పలుకుబడి ఉండేది. ముకల్లా సుల్తానులైన కువైతీ వంశమువారు నిజాము కొలువులో జమాదారులుగా సంపాదించిన ధనముతోనే స్వదేశమున రాజ్యము స్థాపించుకొన్నారు. అరబ్బుల నివాసమైన బార్కస్ ప్రాంతము పేరు "బారక్స్" అను ఆంగ్ల పదమునకు రూపాంతరము.

సిద్దీల విషయములో వనపర్తి సంస్థానము పేరు తప్పక చెప్పవలెను. 19వ శతాబ్దిలో వనపర్తి ప్రభువు రాజా రామేశ్వరరావు ఆఫ్రికన్లతో ఒక అంగరక్షక దళమును పెంచాడని, తరువాత ఆ దళము నిజాము సైన్యములో చేరినదని చెప్తారు. ఆ దళమే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అనగా ఆఫ్రికన్ ఆశ్వికదళము. మాసబ్ ట్యాంకు సమీపమున వారికి ఇచ్చిన నివాస ప్రాంతమే నేటి ఎ.సి.గార్డ్స్. ఆ పేరులో "ఎ.సి." అనగా ఏమిటో నగరవాసులలో పెక్కుమందికి తెలియదు.

బ్రిటిషు ఇండియాలో 1843 చట్టము బానిసత్వమునకు న్యాయస్థానముల గుర్తింపును తొలగించింది. సంస్థానములకు ఆ చట్టము వర్తించలేదు. ఆశ్వికదళములో చేరిన సిద్దీ బానిస కాడు, జీతము తీసుకొనే సిపాయి. కాని అతడు ఆ గుర్రము ఎక్కుటకు వెనుక ఉన్న సముద్ర ప్రయాణము చాలామంది విషయములో ఇష్టపూర్వకమైనది కాదు.

హబ్సిగూడ, ఉప్పల్, నాచారము

నగరము తూర్పు భాగములో ఉప్పల్, నాచారములకు ఆనుకొని ఉన్న హబ్సిగూడకు ఆ పేరు "హబ్షీగూడ" నుండి వచ్చినదని, నిజాము కొలువులోని హబ్షీల నివాసము వలన ఆ పేరు ఏర్పడినదని చెప్తారు. "గూడ" అనగా చిన్న పల్లె. ఆ విధముగా ఈ ఊరి పేరులో సగము అరబ్బీ, సగము తెలుగు. 2017 నవంబరులో నాగోలు నుండి అమీర్‌పేట వరకు మెట్రో రైలు ప్రారంభమైన తరువాత, ఉప్పల్ దాటిన ప్రతి రైలులోను ఈ పేరు బిగ్గరగా పలుకబడుతున్నది. వినేవారికి అది ఒక స్టేషను పేరు మాత్రమే.

ఉప్పల్ రహదారిపై హబ్సిగూడలో ఉన్న సి.సి.ఎం.బి. (కణ, అణు జీవశాస్త్ర కేంద్రము) శాస్త్రవేత్తలే సిద్దీల జన్యువులను పరిశీలించి 2011లో ఒక ముఖ్యమైన పత్రము ప్రకటించారు. గుజరాత్, కర్ణాటక సిద్దీలపై జరిగిన ఈ పరిశోధనలో, వారి వంశవారసత్వములో అధిక భాగము తూర్పు, దక్షిణ ఆఫ్రికాలలోని బంటూ భాషలు మాట్లాడే ప్రజలకు దగ్గరగా ఉన్నదని, స్థానిక భారతీయులతో సమ్మేళనము సుమారు 200 సంవత్సరాల క్రిందట, అనగా ఎనిమిది తరముల క్రిందట జరిగినదని తేలింది. హబ్షీల పేరు మోస్తున్న వీధిలోనే హబ్షీల పుట్టుపూర్వోత్తరములు తేల్చిన ప్రయోగశాల ఉండుట యాదృచ్ఛికమే అయినను చెప్పుకోదగినది.

ఉప్పల్, నాచారము ఒకప్పుడు నగరమునకు వెలుపలి పల్లెలు. నాచారములో పారిశ్రామికవాడ, ఎన్.టి.రామారావు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో రావడముతో అనేక జిల్లాల కార్మికులు, కళాకారులు ఇక్కడికి చేరారు. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. దగ్గరలోనే తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయము, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము ఉన్నవి. వీటిలో ఆఫ్రికా దేశముల విద్యార్థులు కూడా చదువుకొంటారు. వారిలో ఎవరైనను నాచారము వీధిలో బోనాల ఊరేగింపుకు ఎదురుపడితే, ఆ దరువుకు తమ ఖండముతో పాతబంధుత్వము ఉన్నదని వారికి చెప్పగలవారు ఆ గుంపులో అరుదు.

ప్రభువు ఎదుట సంబరము

నిజాముల కాలమున మర్ఫా అధికార లాంఛనములలో భాగము. రాజకుటుంబ వేడుకలలో, సైనిక ఊరేగింపులలో అరబ్బులు, సిద్దీలు దరువులతో, కత్తులతో నడిచేవారు. మొహర్రము నెలలో జరిగే లంగర్ ఊరేగింపు వీటిలో గొప్పది. మదపుటేనుగు తన కుమారుని అడవికి తీసుకొనిపోగా, అతడు క్షేమముగా తిరిగి వస్తే బంగారు గొలుసు (లంగర్) సమర్పించెదనని కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం మొక్కుకొన్న కథ దీనికి మూలము. అసఫ్ జాహీల కాలమునకు ఇది సైన్యమంతటి ప్రదర్శనగా మారింది. ఆ ప్రదర్శనలో అరబ్బు దళముల నాట్యమును చూచుటకు జనము మిద్దెలెక్కేవారు.

ఈ ఆనందము ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. నాట్యమాడేవాడు జీతగాడు, చూచేవాడు ప్రభువు. ఆజ్ఞపై చేసే సంబరమును స్వేచ్ఛ అనవచ్చునా? ఈ సందేహము కొత్తది కాదు. అమెరికాలో బానిసత్వమునుండి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రచురించిన తన ఆత్మకథలో దీనిని సూటిగా చర్చించాడు. క్రిస్టమస్ సెలవులలో బానిసలను ఆటపాటలకు వదలిపెట్టుట యజమానుల ఔదార్యము కాదని, తిరుగుబాటు బుద్ధిని చల్లార్చే ఉపాయమని అతడు వాదించాడు. బానిసలు పాడుతున్నారు గనుక సంతోషముగా ఉన్నారని అనుకొనుట కంటె పెద్ద పొరపాటు లేదని కూడా వ్రాశాడు. వీధి నృత్యమంతటిని ప్రతిఘటనగా పొగిడేవారు డగ్లస్ మాటను ఒకసారి చదువుకొనుట మంచిది.

అయితే ఆజ్ఞ ఇచ్చేవాడు ఆడవలసిన సమయమును నిర్ణయించగలడు గాని, ఆట లోపల ఉన్నదానిని నిర్ణయించలేడు. ఆజ్ఞ ఇచ్చినవారు వెళ్ళిపోయిన తరువాత ఆ ఆట ఏమైనది అన్నదే అసలు పరీక్ష. హైదరాబాదులో ఆ పరీక్ష 1948లో వచ్చింది.

1948 తరువాత

1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17న నిజాము లొంగుబాటుతో ముగిసింది. తరువాత సంస్థాన సైన్యము రద్దు కాగా ఆఫ్రికన్ ఆశ్వికదళము కూడా లేకుండా పోయింది. గుర్రపు స్వారీ, కవాతు తప్ప మరొక వృత్తి తెలియని కుటుంబములకు ఇది పిడుగుపాటు. చాలామంది చిన్నచిన్న ఉద్యోగములతో, దినకూలీతో బ్రతికారు. అప్పటికే వారి భాష దక్కనీ ఉర్దూ, మతము ఇస్లాము. స్థానిక ముస్లిము కుటుంబములతో వివాహసంబంధములు కూడా సాధారణమైనవి. అనగా సిద్దీలు చుట్టుపక్కల సమాజములో కలిసి మాయమైపోవుటకు కావలసిన పరిస్థితులన్నీ ఉన్నవి.

అలా జరుగకపోవుటకు మర్ఫా ఒక కారణము. రాజదర్బారు పోయినను పెళ్ళిళ్ళు పోలేదు. సిద్దీ బృందములు నగరములోని పెళ్ళి ఊరేగింపులకు వాయించి జీవనము చేయసాగినవి. తండ్రి వాద్యము కుమారునికి చేరింది. ఎ.సి.గార్డ్స్ అనగానే మర్ఫా, మర్ఫా అనగానే ఎ.సి.గార్డ్స్ గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది. ఇథియోపియాకు చెందిన పరిశోధకుడు అబాబు మిందా యిమెనె ఈ సమాజముపై 2004లో ఒక గ్రంథము ప్రచురించాడు. హైదరాబాదు సిద్దీల గుర్తింపు ఏ విధముగా నిలిచినది, ఏ విధముగా మారినది అన్నదే దాని విషయము. తమ పూర్వీకుల ఖండమునుండి ఒకడు వచ్చి వ్రాసిన పుస్తకము అగుటచేత దానికి ప్రత్యేక స్థానము కలదు.

ఇక్కడ ఆనందము చేసిన పని నినాదములు చేసే పని వంటిది కాదు. నల్లని రంగును, ఉంగరాల జుట్టును వేళాకోళము చేసే లోకములో, అవే రూపురేఖలు గల యువకులు ఊరేగింపు ముందు భాగమున నడుస్తూ, వారి దెబ్బకు వీధి అంతా కదలుట ఒక మార్పు. ఆ కొద్దిసేపు చూపు దిశ మారుతుంది. హేళనగా చూచినవాడే ఆశగా చూస్తాడు. ఊరేగింపు ముగియగానే పాత చూపు తిరిగి రావచ్చును, అది వేరే విషయము.

దేశములోని ఇతర సిద్దీలు

గుజరాత్ సిద్దీలు గిర్ అడవుల సమీపమునను, రతన్‌పూర్‌లోని బావా గోర్ దర్గాలోను చేసే "గోమా" (ధమాల్) నృత్యము భక్తితో కూడినది. గోమా అను మాట తూర్పు ఆఫ్రికా భాషలలోని "న్‌గోమా" నుండి వచ్చింది. అక్కడ దాని అర్థము డోలు, నృత్యము రెండూ. నెమలి ఈకలు ధరించి, కొబ్బరికాయను పైకి ఎగురవేసి తలతో పగులగొట్టుట ఈ నృత్యములో అందరూ గుర్తుంచుకొనే ఘట్టము. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా యల్లాపుర, హళియాళ ప్రాంతముల సిద్దీలు "దమామ్" అను డోలుతో ఆడతారు. వీరిలో హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు కూడా ఉన్నారు. మతము వేరైనను డోలు ఒకటే.

కర్ణాటక సిద్దీలు 2003లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. గుజరాత్‌లో సౌరాష్ట్ర ప్రాంతపు సిద్దీలకు ఆ గుర్తింపు కలదు. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములో 2007లో ముస్లిములలోని వెనుకబడిన వర్గములకు నాలుగు శాతము రిజర్వేషను కల్పించిన చట్టములో "సిద్దీ, యాబా, హబ్షీ, జాసీ" అను పేర్లతో వీరు బి.సి.-ఇ జాబితాలో చేర్చబడ్డారు. అదే చట్టము అరబ్బులను ఈ సౌకర్యమునుండి మినహాయించింది. మర్ఫాను కలిసి నిలిపిన రెండు సమాజములు చట్టము దృష్టిలో రెండు వేర్వేరు మెట్లపై నిలిచినవి.

సముద్రమునకు ఆవలి పోలికలు

అట్లాంటిక్ మహాసముద్రము దాటించబడిన ఆఫ్రికన్ల చరిత్రలో డోలుకు, చట్టమునకు పోరాటము స్పష్టముగా కనబడుతుంది. 1739లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో స్టోనో తిరుగుబాటు జరిగినపుడు తిరుగుబాటుదారులు డోలు కొట్టుకొంటూ సాగారు. మరుసటి సంవత్సరము చేసిన చట్టము బానిసలు డోళ్ళు, కొమ్ములు వాడరాదని నిషేధించింది. డోలు పోగా చేతులతో తొడలను, రొమ్మును చరచుకొని దరువు పుట్టించే పద్ధతి వ్యాపించింది. బ్రెజిల్‌లో 1890 శిక్షాస్మృతి కపోయెరా ఆడుటను నేరముగా ప్రకటించింది. పోరాటమును నాట్యములో దాచిన ఆ కళను యునెస్కో 2014లో మానవజాతి వారసత్వముగా గుర్తించింది.

ట్రినిడాడ్ కథ తెలుగువారికి మరింత ఆసక్తి కలిగించవలెను. అక్కడ 1881లో కార్నివాల్ ఊరేగింపును అణచబోయిన పోలీసులకు, నృత్యకారులకు పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధులలో ఘర్షణ జరిగింది. తరువాత డోళ్ళపై ఆంక్షలు రాగా జనము వెదురు బొంగులను నేలకు కొట్టి దరువు పుట్టించారు. ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగమునకు ఖాళీ నూనె పీపాలు స్టీల్ పాన్ వాద్యములుగా మారినవి. అదే ద్వీపములో 1884 అక్టోబరు 30న మొహర్రము ఊరేగింపు (అక్కడ దానిని "హోసే" అంటారు) చేస్తున్న భారతీయ కూలీలపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించారు. భారతదేశమునుండి వలసకూలీలతో వెళ్ళిన తాసా వాద్యము నేడు అక్కడ ఆఫ్రికా సంతతివారి సంబరములలో కూడా మ్రోగుతుంది. ఆఫ్రికా దరువు హైదరాబాదుకు వచ్చిన కాలముననే భారతదేశపు దరువు కరీబియన్ సముద్రమునకు చేరినదన్నమాట.

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో బానిసలు ఆదివారము ఒకే స్థలమున కూడవలెనని 1817లో నిబంధన విధించగా, కాంగో స్క్వేర్ అను ఆ మైదానము నృత్యమునకు కేంద్రమైనది. అంత్యక్రియలలో, ఊరేగింపులలో బ్యాండు వెనుక జనము ఆడుతూ నడచుటను అక్కడ "సెకండ్ లైన్" అంటారు. 2005లో కత్రినా తుఫాను నగరమును ముంచిన తరువాత ఈ ఊరేగింపులు మరల మొదలైనవి. నగరపాలన ఊరేగింపు రుసుమును బాగా పెంచగా, నిర్వాహక క్లబ్బులు కోర్టుకెక్కి దానిని తగ్గింపజేసుకొన్నవి. వీధిలో ఆడుటకు కూడా హక్కు కావలెనని, ఆ హక్కు ఉచితముగా దొరకదని దీనివలన తెలుస్తుంది.

ఈ ఉదాహరణలకు, మర్ఫాకు ఒక ముఖ్యమైన భేదము కలదు. అక్కడ ప్రభుత్వము డోలును నిషేధించింది. ఇక్కడ ప్రభుత్వము డోలును పోషించింది. నిషేధమును ఎదిరించిన ఆనందము చరిత్రకు ఎక్కుతుంది. పోషణ ఆగిన తరువాత కూడా నిలిచిన ఆనందము అంతగా గుర్తింపునకు రాదు.

డప్పు, మర్ఫా

తెలంగాణ పాఠకులకు దీనికి దగ్గరి పోలిక డప్పు. మాదిగలు చావుకు, జాతరకు, చాటింపుకు డప్పు కొట్టుట ఊరి పెద్దల దృష్టిలో వెట్టి. కొట్టకపోతే శిక్ష, కొడితే అంటరానితనము. అదే డప్పును 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమము ఆత్మగౌరవ చిహ్నముగా ఎత్తిపట్టింది. తెలంగాణ ఉద్యమకాలములో ధూంధాం సభలు డప్పు లేనిదే సాగలేదు. బలవంతముగా కొట్టించిన వాద్యమును ఇష్టపూర్వకముగా కొట్టుటలోనే అర్థము తలక్రిందులైంది.

సిద్దీల మర్ఫాకు ఇటువంటి ఉద్యమము రాలేదు. సంఖ్యాబలము లేకపోవుట ఒక కారణము. నగర వీధిలో మాత్రము రెండు దరువులు ఎప్పుడో కలిసిపోయినవి. పెళ్ళి ఊరేగింపులో వినిపించే తీన్‌మార్‌లో ఎంత డప్పు, ఎంత మర్ఫా అని విడదీయబోవుట పాలను, నీటిని వేరుచేయబోవుట వంటిది.

వీధులలో తీన్‌మార్

ఉప్పల్, నాచారము, హబ్సిగూడ ప్రాంతములలో తీన్‌మార్ ఎక్కువగా వినిపించేది ఆషాఢమాసపు బోనాలకు. ఒడలికి పసుపు పూసుకొని కొరడా ఝళిపిస్తూ నడచే పోతురాజు ముందు, ఘటము వెనుక, ఫలహారపు బండి చుట్టూ ఈ దరువు సాగుతుంది. వినాయక నిమజ్జనమునకు, పెళ్ళి బరాత్‌కు, ఎన్నికల విజయోత్సవమునకు కూడా ఇదే. ఒక ముస్లిము సైనిక సమాజములో పెరిగిన దరువు అమ్మవారి పండుగలో మ్రోగుట హైదరాబాదీలకు వింతగా తోచదు. ఎక్కడిది అని అడగకుండా ఆడుట ఈ నగరపు అలవాటు.

ఆ అలవాటుకు మరొక పార్శ్వము కూడా ఉన్నది. "తీన్‌మార్" అను మాట 2011లో పవన్ కళ్యాణ్ నటించిన సినిమాకు పేరైనది. వి6 ఛానలులో తెలంగాణ యాసలో సాగే వార్తల కార్యక్రమమునకు కూడా అదే పేరు. మాట ఇంటింటికి చేరింది. దరువు వాడవాడకు చేరింది. దానిని తెచ్చినవారి పేరు మాత్రము ఎ.సి.గార్డ్స్ దాటి ఎక్కువ దూరము పోలేదు. 1973లో న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ ప్రాంతములో ఒక అపార్టుమెంటు విందులో మొదలైన హిప్‌హాప్ నృత్యము 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో పోటీ అంశమైనది. ఎక్కడికి పోయినను బ్రాంక్స్ పేరు దానితో కలిసి ప్రయాణము చేసింది. తీన్‌మార్ విషయములో ఆ విధముగా జరుగలేదు.

నేటి స్థితి

మర్ఫా బృందములకు నేడు పోటీ రెండు దిక్కులనుండి ఉన్నది. మొదటిది డి.జె. పెట్టెలు. లారీపై పేర్చిన స్పీకర్లలో రికార్డు చేసిన తీన్‌మార్ పెట్టితే పదిమంది వాద్యకారులకు కూలి ఇవ్వనక్కరలేదు. కాని రికార్డుకు ఆడేవారి అలసట తెలియదు. చేతివాద్యము వాయించేవాడు గుంపును చూచి వేగము పెంచుతాడు, తగ్గిస్తాడు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డి.జె. వాడకమును నిషేధించారు. రెండవది మతపెద్దల అభ్యంతరము. పెళ్ళిళ్ళలో ఆర్భాటము, వాద్యములు, రాత్రి ఆలస్యముగా సాగే ఊరేగింపులు తగవని ఉలేమాలలో కొందరు చెప్తూ వచ్చారు. ఖర్చు విషయములో వారి మాట త్రోసివేయదగినది కాదు. అయితే ఆ ఖర్చులో వాద్యకారుల కూలి భాగము చిన్నది.

ఊరేగింపులలో కత్తులు త్రిప్పుట వలన గాయములు, పోలీసు కేసులు అగుట కూడా కలదు. పాత బృందములలో కత్తి పట్టేవానికి అడుగుల లెక్క తెలిసి ఉండేది. నేటి బరాత్‌లలో కత్తి చేతికి వచ్చిన తరువాత లెక్క వెదకుకొనే యువకులే ఎక్కువ.

సిద్దీ కుటుంబములలోని కొత్త తరము చదువులకు, ఇతర ఉద్యోగములకు మరలుతున్నది. ఇది విచారింపవలసిన విషయము కాదు. తాత వాయించాడు గనుక మనుమడు కూడా వాయించి తీరవలెనను నియమము వెట్టికి మరొక పేరు అవుతుంది. వాయించదలచినవానికి గిట్టుబాటు కూలి, నేర్వదలచినవానికి గురువు దొరికే ఏర్పాటు ఉంటే చాలును. మర్ఫాకు వ్రాతప్రతి లేదు, పాఠ్యగ్రంథము లేదు. దరువుల పేర్లు, వాటి లెక్కలు, వాయించే క్రమము పెద్దల చేతులలోనే ఉన్నవి.